నొప్పి లేదు గానీ చెప్పు నిలవట్లేదు

ప్రశ్న: డాక్టరుగారూ, మాది కడియం దగ్గర పల్లె. మా ఆయనకు 46 ఏళ్ళు, నర్సరీలో అంట్లు కడతారు, కవర్లకు మట్టి నింపుతారు. మూడు వారాలుగా నడుస్తుంటే కుడికాలి చెప్పు జారిపోతోంది. గడప దాటేటప్పుడు బొటనవేలు తగిలి రెండుసార్లు తూలారు కూడా. నొప్పి ఏమీ లేదు, పాదం పైన మాత్రం మొద్దుగా ఉందంటారు. ఊళ్ళో ఆరెంపీగారు బలానికని తుంటికి ఇంజక్షన్లు చేశారు. మా అత్తగారు వాతం అని వేడి నూనెతో మర్దన చేయిస్తున్నారు. పక్షవాతమేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. హైదరాబాద్ తీసుకెళ్ళాలా?

జవాబు: అమ్మా, హైదరాబాద్ అక్కర్లేదు గానీ ఈ వారం దాటనివ్వకండి. నొప్పి లేదు కదా అని ఆగడమే ఈ జబ్బులో మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు, ఎందుకంటే పాదాన్ని పైకి లేపే నరం దెబ్బతింటే చాలామందికి నొప్పే ఉండదు, చెప్పు జారడం, వేళ్ళు నేలకు తగలడం, నడిస్తే పాదం టప్‌మని పడటం, ఇవే కనిపిస్తాయి. మీరు ఆ చెప్పు సంగతి గమనించి రాయడం చాలా మంచి పని.

ముందు ఇంట్లో ఒకటి చూడండి. ఆయన్ని గోడ పట్టుకుని మడమల మీద నాలుగడుగులు వేయమనండి. ఎడమ పాదం లేచి కుడిది లేవకపోతే అది నీరసం కాదు, నరానికో నడుముకో సంబంధించిన బలహీనత. తర్వాత కూర్చోబెట్టి, రెండు బొటనవేళ్ళనూ పైకి ఎత్తమని, మీ వేలితో కిందికి నొక్కి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఆయన పని గురించి చదవగానే నాకు మొదట తట్టింది మోకాలు. మోకాలి కింద బయటివైపు తడిమితే ఒక ఎముక బుడిపెలా తగులుతుంది చూడండి, పాదాన్ని లేపే నరం సరిగ్గా దాన్ని చుట్టుకుని చర్మం కిందే వెళుతుంది. గంటల తరబడి గొంతుక్కూర్చుంటే అక్కడ అది నలిగిపోతుంది. నర్సరీ పనివాళ్ళకే కాదు, ఊడ్పులప్పుడు, కలుపు తీసేటప్పుడు అదే పనిగా గొంతుక్కూర్చునేవాళ్ళకూ, కాలు మీద కాలు వేసుకుని కూర్చునే అలవాటున్నవాళ్ళకూ ఇది రావచ్చు. ఈమధ్య ఒక్కసారిగా బరువు తగ్గినా ఆ నరం తేలిగ్గా దెబ్బతింటుంది, కాబట్టి ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. నరం పైపైన నలిగి ఉంటే కొన్ని వారాల్లో, మహా అయితే రెండు మూడు నెలల్లో కోలుకుంటుంది. లోపలి పోగులు తెగితే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరిగి రావాలి, అంటే నెలలు.

అయితే నేను ఉత్తరం చదివి అదేనని తేల్చలేను. నడుములో డిస్కు జారి నరాన్ని నొక్కినా ఇలాగే ఉంటుంది, అప్పుడు చాలామందికి నడుము నుంచి కాలి కిందికి లాగుతుంది. షుగరు కూడా నరాల్ని పాడుచేస్తుంది, ఎప్పుడూ చూపించుకోకపోతే ఇప్పుడే పరీక్ష చేయించండి. ఇంకో మాట, కాలి బలహీనత ఇంజక్షన్లకు ముందే మొదలైందా, తర్వాతా? తుంటి ఇంజక్షన్ తప్పు చోట పడితే కాలికి వెళ్ళే పెద్ద నరానికే దెబ్బ తగలొచ్చు. తేదీలు గుర్తు చేసుకుని వెళ్ళండి, ఇకపై ఆ ఇంజక్షన్లు వద్దు.

ఈ నరాన్ని కుష్ఠు కూడా దెబ్బతీస్తుంది, ఆ పేరు వింటే మనవాళ్ళు ఉలిక్కిపడతారు గానీ నేను దాటేయలేను. ఒంటి మీద ఎక్కడైనా స్పర్శ తెలియని మచ్చ ఉందేమో, మోకాలి పక్కన ఆ నరం తాడులా లావుగా తగులుతుందేమో డాక్టరు తప్పకుండా చూడాలి. ఉందని తేలినా భయం లేదు, 6 నెలలో 12 నెలలో వాడే మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగినా దారి చూపిస్తుంది. నరం బలహీనపడి 6 నెలలు దాటకముందే వస్తే స్టెరాయిడ్లతో పాదం బలం తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. సిగ్గుపడి దాచుకుని, పాదం పూర్తిగా వేలాడాక వచ్చినవాళ్ళను చూస్తే నాకు ఎంత బాధేస్తుందో చెప్పలేను.

రాజమండ్రి ప్రభుత్వాసుపత్రిలో జనరల్ మెడిసిన్ డాక్టరుకి చూపించండి, అవసరమైతే వాళ్ళే కాకినాడ జీజీహెచ్‌కి రాస్తారు. నరాల్లో కరెంటు ఎలా పోతుందో చూసే ఎన్‌సీవీ పరీక్ష రాయొచ్చు, మూడు వారాలు గడిచాయి కాబట్టి ఇప్పుడు అందులో చాలా వివరం తెలుస్తుంది. నడుము మీద అనుమానం ఉంటేనే ఎమ్మారై. మీ అంతట మీరే స్కానింగ్‌కి డబ్బు పోయకండి.

పక్షవాతం సాధారణంగా ఉన్నట్టుండి వస్తుంది. మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి, రక్తపు గడ్డ కరిగించే ఇంజక్షన్‌ను ఆ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. రెండు పాదాలూ బలహీనపడి రోజుల వ్యవధిలో అది పైకి ఎక్కుతున్నా, ఊపిరి కష్టమైనా, మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య మొద్దుబారినా అదే రోజు ఆసుపత్రి. మొద్దుబారకుండానే కండ కరిగిపోతూ, చర్మం కింద అదురుతూ ఉంటే నేరుగా న్యూరాలజీ డాక్టరుకే.

ఈలోగా వేడి నూనె ఆపేయండి, అత్తగారికి నా మాటగా చెప్పండి. మొద్దుబారిన కాలికి చురక తెలియదు, బొబ్బలెక్కి పుండవుతుంది. పని మానలేకపోతే పీట వేసుకుని కూర్చోమనండి, మధ్యమధ్యలో లేచి నడవమనండి. వెనక పట్టీ ఉన్న చెప్పులు వాడాలి. ముఖ్యంగా బండి నడపనివ్వకండి, కుడి పాదమే బ్రేకు, కాలవగట్ల మీద ఆ పాదం సమయానికి లేవకపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా!

ప్రశ్న: డిస్కు వల్ల పాదం లేవక, దాన్ని పైకి పట్టి ఉంచే పట్టీ (స్ప్లింట్) వేసుకుంటున్నాను. అలవాటైతే కాలు ఇంకా బలహీనపడుతుందని నాన్నగారు తీసేయమంటున్నారు. తీసేయనా? - తణుకు దగ్గర నుంచి ఒక పాఠకుడు

జవాబు: తీసేయకండి. పట్టీ నరాన్ని బలహీనపరచదు, వేళ్ళు తగిలి మీరు పడిపోకుండా, మడమ వెనక కండరం బిగుసుకుపోకుండా కాపాడుతుంది. ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామాలు దాంతోపాటే చేయండి. రోజూ విప్పాక చర్మం చూసుకోండి, అరగంట తర్వాత కూడా ఎర్రదనం తగ్గకపోతే కొలత సరిచేయించుకోండి. వాడుతుండగానే బలం ఇంకా తగ్గుతోందనిపిస్తే అది పట్టీ తప్పు కాదు, నరం మీద ఒత్తిడి పెరుగుతోందేమో, వెంటనే మీ డాక్టరుకి చూపించండి.