సోమవారం పొద్దున రాలిన బోల్టు తలలు

చిట్టితల్లీ,

నువ్వు డిజైన్ విభాగంలో మెటీరియల్స్ ఇంజనీరుగా చేరుతున్నావని, మొదటి పనే యంత్రం బరువు తగ్గించడమని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. పెట్టేశాక ఇంట్లో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. బరువు తగ్గించాలనగానే సన్న బోల్టు పెడదాం, గట్టి ఉక్కు వాడదాం అని ఎవరో ఒకరు అంటారు. ఒకప్పుడు ఆ ఎవరో ఒకరు నేనే.

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. డేటాషీట్‌లో నైలాన్ బలం చాలాసార్లు తేమ లేని ముక్కది. తేమ పీల్చాక తగ్గుతుంది. అల్యూమినియానికి స్టెయిన్‌లెస్ బోల్టు బిగిస్తే అక్కడ నీరు నిలవనివ్వకు, అల్యూమినియాన్ని తినేస్తుంది. సరుకు పంపేవాళ్లు మారితే మళ్లీ పరీక్షలు చేయించు. ఇవన్నీ కాలేజీలో చెప్పే ఉంటారు.

ఇక నా ఘనకార్యం. 8.8 గ్రేడ్ (గ్రేడ్ అంటే బోల్టు ఉక్కు బలానికి గుర్తు) బోల్టులున్న ఒక బిగింపును చిన్నది చేద్దామని 12.9కి మార్చాను. బలం 800 మెగాపాస్కల్ నుంచి 1200కి పెరిగింది, బోల్టు సన్నబడింది, నేను మురిసిపోయాను. తుప్పు పడుతోందని వాడేవాళ్లు గోల పెడితే డ్రాయింగ్ మీద ఒక్క ముక్క చేర్చాను: జింక్ ప్లేటింగ్, అంటే తొట్టిలో ముంచి కరెంటుతో వేసే జింక్ పూత. రాయడానికి అర నిమిషం పట్టలేదు. ప్లేటింగ్ అయి వచ్చినవి కొన్ని లాగి తెంపి చూశాం. అన్నీ ఉండాల్సిన బలానికి పైనే తెగాయి. శనివారం సాయంత్రం ఫిట్టర్ బిగించాడు. సోమవారం పొద్దున వెళ్లేసరికి రెండు బోల్టుల తలలు నేల మీద ఉన్నాయి. అప్పటికి యంత్రం ఆన్ కూడా చేయలేదు.

నేనేం చేశానో తెలుసా? ఫిట్టర్ మీద అరిచాను, అందరి ముందూ. అతిగా బిగించి ఉంటావన్నాను. నాకన్నా పదిహేనేళ్లు పెద్దవాడు. ఎంత బిగించాలో కొలిచే టార్క్ రెంచ్ తెచ్చి నా బల్ల మీద పెట్టి, "చూసుకోండి సార్" అని వెళ్లిపోయాడు. రెంచ్ సరిగ్గానే ఉంది.

విరిగిన చోట సాగిన జాడే లేదు, పంచదార పలుకుల్లా మెరుస్తోంది. ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద చూస్తే పగులు ఉక్కులోని స్ఫటిక రేణువుల హద్దుల వెంటే పోయింది. యాసిడ్‌లో కడిగినప్పుడూ, ప్లేటింగ్ తొట్టిలోనూ హైడ్రోజన్ ఉక్కులోకి దూరింది. బిగించాక లాగుడు ఎక్కువున్న తల కింది మూలకు మెల్లగా చేరి, అక్కడ ఉక్కును పెళుసుగా మార్చింది. లాగి తెంపే పరీక్ష నిమిషాల్లో ముగుస్తుంది, హైడ్రోజన్‌కి కదిలే తీరికెక్కడ? ప్లేటింగ్ అయిన కొద్ది గంటల్లోనే ఆ హైడ్రోజన్ బయటికి పోయేలా 200 డిగ్రీల దగ్గర గంటల తరబడి వేడి చేయమని నేను రాయలేదు. రాయనిది వాళ్లెందుకు చేస్తారు?

అసలు 12.9కి జింక్ ప్లేటింగే వద్దు తల్లీ. యాసిడ్‌లో ముంచకుండా, కరెంటు లేకుండా వేసే జింక్ ఫ్లేక్ పూత వేయించు, లేదా లావు 8.8తో సరిపెట్టుకో. తప్పదంటే ఆ ప్లేటింగ్‌ను ఏఎస్‌టీఎం ఎఫ్519 (హైడ్రోజన్ వల్ల ఉక్కు పెళుసెక్కుతుందేమో చూసే ప్రామాణిక పరీక్ష) ప్రకారం పరీక్షించమను. గాడి పెట్టిన నమూనాను అది తెగే బలంలో 75 శాతం భారం కింద 200 గంటలు ఉంచుతారు. మేనేజరు తొందరపెడతాడు, పెట్టనీ.

ఫిట్టర్‌కి క్షమాపణ చెప్పాను, కానీ గదిలో, తలుపు వేసుకుని. అరిచింది అందరి ముందు కదా, అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నీ కోపం కూడా నా పోలికే. చిన్నప్పుడు బొమ్మ విరిగితే పక్కనున్నవాళ్లనే కొట్టేదానివి.

నీ యంత్రంలో బోల్టులు ఏ గ్రేడో, వాటి మీద పూతేమిటో నాకు రాయి. డ్రాయింగ్ మీద సంతకం పెట్టకముందే రాయి. వేళకు తిను.

మీ పెదనాన్న