సమ్మర్‌లో కంపోజింగ్ మెంటరింగ్ అంటున్నారు, 38,000 కట్టొచ్చా?

పర్లాకిమిడి నుంచి ఒకమ్మ రాశారు: "మా గుంటడు ప్లస్ టూ సైన్స్, ఫస్టియర్ అయిపోయింది. చిన్నప్పట్నుంచి హార్మోనియం నేర్చుకున్నాడు, ఇప్పుడు ఫోన్లోనే ట్యూన్లు కడుతున్నాడు. ఈ సెలవుల్లో చిన్న వయసు కంపోజర్లకి ఆరు వారాలు ఆన్‌లైన్ మెంటరింగ్ అంట, ఫీజు 38,000. వాళ్ళ నాన్నగారేమో ఆ డబ్బుతో నీట్ క్రాష్ కోర్సులో వేద్దాం అంటున్నారు. ఏటి చెయ్యమంటారు?"

అమ్మా, మీరు పంపిన మూడు ట్యూన్లూ విన్నాను, రెండోది మళ్ళీ మళ్ళీ విన్నాను. జాతరలో తప్పెటగుళ్ళ దెబ్బ ఫోన్లో రికార్డు చేసుకుని దాని మీద హార్మోనియం కట్టాడు చూడండి, ఆ ఆలోచన ఎవరో చెప్తే వచ్చేది కాదు. కానీ మూడింటిలోనూ ఒకటే ఇబ్బంది కనిపించింది, ఎత్తుకోవడం బాగా ఎత్తుకుంటున్నాడు, నిమిషం అయ్యాక ఎటు వెళ్ళాలో తెలీక అదే ముక్క తిప్పి తిప్పి వేసి ఆపేస్తున్నాడు. లూపులు, అంటే తిరిగి తిరిగి మోగే రెడీమేడ్ ముక్కలు, పేర్చుకునే యాప్‌లతో మొదలుపెట్టిన పిల్లల్లో చాలామంది ఇక్కడే ఆగిపోతారు, అది తెలివి తక్కువై కాదు, పక్కన కూర్చుని "ఇక్కడ ఎందుకు ఇలా వేశావు" అని అడిగే మనిషి లేక. మెంటర్ అవసరం అక్కడే.

కాబట్టి మీరు అడగాల్సింది ప్రోగ్రామ్ పేరేంటి, సర్టిఫికెట్ ఇస్తారా అని కాదు. మా వాడి ట్యూన్ ఎవరు వింటారు, ఆరు వారాల్లో ఎన్నిసార్లు వాడితో విడిగా కూర్చుంటారు, ఆ మనిషి చేసిన మ్యూజిక్ మేము ముందు వినొచ్చా, ఇది అడగండి. వారానికోసారైనా ఒక్కడితో కూర్చోకపోతే, రికార్డు చేసిన వీడియోలు చూపించి గ్రూపులో నలభై మందిని పడేస్తే, దానికి 38,000 దండగ. గుణుపురం వైపు నుంచి నా దగ్గరికొచ్చిన ఒక పాప ఇలాగే పది రోజుల దానికి డబ్బు కట్టి, తన ట్యూన్ ఒక్కరు కూడా వినకుండానే సర్టిఫికెట్ పట్టుకుని ఇంటికొచ్చింది, ముందు అడిగి చూడమని నేను చెప్పి ఉండాల్సింది అని ఇప్పటికీ బాధే.

ఇంకొకటి ఇంతకన్నా ముఖ్యం, పిల్లలు రాసింది చివర్లో నిజం మనుషులు వాయిస్తారా లేదా. కంప్యూటర్లో ఫ్లూట్‌కి ఊపిరి అక్కర్లేదు, రెండు నిమిషాలు ఆగకుండా మోగుతుంది, మనిషికి ఇస్తే నాలుగో వరసకే ఊపిరి ఆగిపోతుంది, అప్పుడు తెలుస్తుంది వాడికి ఎక్కడ గ్యాప్ పెట్టాలో. ఆ ప్రోగ్రామ్‌లో అలాంటిది లేకపోయినా మీ ఊళ్ళో పెళ్ళిళ్ళకి వాయించే బ్యాండు వాళ్ళలో క్లారినెట్ ఆయన్ని బతిమాలి ఒక పేజీ వాయించమనండి. మామూలుగా వాడే క్లారినెట్‌కి కాగితం మీద సి అనే స్వరం రాస్తే బయటికి దానికి కిందుండే బీ ఫ్లాట్ అనే స్వరం వినిపిస్తుంది, ఇది పుస్తకంలో పదిసార్లు చదివినా ఎక్కదు, ఒక్కసారి తప్పు రాసి ఆయన వాయిస్తే వింటే జన్మలో మర్చిపోడు. స్టాఫ్ నొటేషన్, అంటే అయిదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి, రాయడానికి మ్యూజ్‌స్కోర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితమే, పాత ల్యాప్‌టాప్ అయినా చాలు. ఇలాంటి ప్రోగ్రామ్‌లు చాలావరకు చేర్చుకునే ముందు రెండు మూడు సొంత ట్యూన్లు, నొటేషనో రికార్డింగో అడుగుతాయి, అందుకని వాడు ఇప్పుడే రెండో ట్యూన్‌ని మూడు నిమిషాలకి పూర్తిగా కట్టి ఉంచుకోవాలి.

ఆ తప్పెటగుళ్ళ రికార్డింగ్ గురించి కూడా చెప్పాలి. వాయించిన వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఇలా వాడుకుంటున్నాను అని అడిగి రమ్మనండి, పేర్లు వెయ్యమనండి. గిడుగు రామమూర్తి గారు మీ ఊళ్ళోనే ఉండి సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు, ఊరికే దూరం నుంచి విని రాసెయ్యలేదు.

ఫారం మీద సంతకం మీరే పెట్టాలి, 18 నిండని పిల్లాడి ఒప్పందం చెల్లదు. పెట్టే ముందు కండిషన్లు చదవండి, అక్కడ చేసిన ట్యూన్ల హక్కులు మావే అని ఎక్కడైనా ఉంటే వద్దనెయ్యండి. మన చట్టంలో ట్యూన్ మీద కాపీరైట్ కట్టినవాడు బతికున్నంత కాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్ళు ఉంటుంది, 2012 సవరణ తర్వాత సినిమాకి ఇచ్చిన ట్యూన్‌కి కూడా సినిమా హాల్లో కాకుండా బయట వాడకాల మీద రాయల్టీ వాటా కంపోజర్‌కి ఉంటుంది. పదహారేళ్ళప్పుడు తెలీక రాసిచ్చేస్తే తర్వాత పోరాడ్డం కష్టం.

నాన్నగారి మాటకొస్తే, ఆయన భయం నాకు అర్థమవుతుంది, ఆయన తప్పేం లేదు. కానీ క్రాష్ కోర్సు అన్నది ఆ ఏడు పరీక్ష రాసేవాళ్ళకి, ఫస్టియర్ అయిన పిల్లాడికి ఇంకా ఏడాది ఉంది, ఇప్పుడు దాని మీద ఖర్చు తొందరే. పైగా వాడికి డాక్టరు చదవాలని ఉందో లేదో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, ముందు అది అడగండి. ప్లస్ టూ మాత్రం మంచి మార్కులతో పూర్తి చెయ్యాల్సిందే, దాంట్లో నా దగ్గర బేరం లేదు, రేపు మ్యూజిక్‌లో డిగ్రీ చెయ్యాలన్నా అదే అడుగుతారు.

ఆ ప్రోగ్రామ్ వాళ్ళు సరైన జవాబు చెప్పకపోతే ఈ వేసవి అయిపోయినట్టేం కాదు. విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919 నుంచి ఉంది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు, ఘంటసాల, సుశీల చదివింది అక్కడే. గుణుపురం విశాఖ పాసింజర్ మీ ఊరి మీదుగానే వెళ్తుంది, ఒక రోజు వాడిని తీసుకుని వెళ్ళండి, గాత్రమో వయొలినో వచ్చిన గురువు ఎవరైనా సెలవుల్లో వారానికి రెండు క్లాసులు చెప్తారేమో కనుక్కోండి. రాగం లోపలికి వెళ్తే ఆ నిమిషం దగ్గర ఆగిపోవడం దానంతటదే సగం తగ్గుతుంది. వాళ్ళు ఏం జవాబిచ్చారో నాకు రాయండి, రెండో ట్యూన్ పూర్తయ్యాక అది కూడా పంపమనండి.