వీణ నేర్చుకోబోతున్న మా అమ్మడికి

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

మైలాపూరులో ఇద్దరు టీచర్లను విచారించానని, ఎవరి దగ్గర చేరమంటావని అడిగావు. ఇద్దరిలో కచేరీలు ఎక్కువ చేసేదెవరో రాశావు గానీ, వాళ్లు పాఠం చెబుతుండగా చూశావో లేదో రాయలేదు. అనుమతి అడిగి ఒక పూట వెళ్లి మూల కూర్చో. మొదటి పాఠాలైన సరళీ వరుసలు వాయిస్తున్న పిల్ల తప్పు మీటితే టీచరు ఏం చేస్తారో చూడు. "మళ్లీ వాయించు" అని ఫోను చూసుకుంటే లేచి వచ్చెయ్యి. వేలు ఎక్కడ జారిందో చెప్పి, తన వీణ మీద చూపించి, మళ్లీ వింటే అక్కడే చేరిపో.

మా టీచరు అలా వినేవారు. మద్రాసులో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో మాయామాళవగౌళ రాగంలో మొదటి వరుసే ఐదు వారాలు వాయించాను. నా చెవికి బాగానే ఉండేది. ఒకరోజు ఆవిడ కళ్లు మూసుకుని విని, లేచి వచ్చి, నా ఎడమ మణికట్టు కింద రెండు వేళ్లు పెట్టి కాస్త పైకెత్తారు. అంతే. నేను బలమంతా పెట్టి తీగ నొక్కడం వల్ల ప్రతి స్వరమూ పిసరంత హెచ్చుగా పలుకుతోందని అప్పుడు తెలిసింది. వీడియోలు చూసి నేర్చుకుంటే డబ్బు మిగులుతుంది కదా అన్నావు. మిగులుతుంది, నీ మణికట్టును చూసేవాళ్లే ఉండరు.

వీణ అప్పుడే కొనకు. మొదటి మూడు నెలలు టీచరు ఇంట్లో ఉన్న వీణ మీద సాధన చేయనిస్తారేమో, అద్దెకు దొరుకుతుందేమో అడుగు. కొనేటప్పుడు టీచరును వెంటబెట్టుకుని వెళ్లు. ఒకే పనస దుంగలో తొలిచిన ఏకాండ వీణ అందంగానే ఉంటుంది గానీ జంట వరుసల్లాంటి తొలి పాఠాలకు అంత అవసరం లేదు. తీగల కింద ఉండే ఇరవై నాలుగు మెట్లూ మైనంలో కూర్చున్నవే. మీ వేలచ్చేరి ఎండలో కిటికీ పక్కన పెడితే మైనం మెత్తబడి మెట్టు కదులుతుంది, ఆ అపశ్రుతికే నీ చెవి అలవాటు పడుతుంది. వేళ్ల చర్మం కొన్నాళ్లు మండుతుంది. తీగ మీద చుక్క కొబ్బరినూనె రాసుకో.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. ఆఫీసు పనిలో పడి ఒక వారం సాధన చేయలేకపోతావు. ఏం మొహం పెట్టుకుని వెళ్లాలని ఫోను చేసి, ఒంట్లో బాగాలేదంటావు. నేనూ అదే అన్నాను. రెండో వారం సిగ్గు రెట్టింపైంది. మూడో వారం ఫోను కూడా చేయలేదు. ఆ తర్వాత నా వీణ పదకొండేళ్లు బీరువా పక్కన దుప్పటి కప్పుకుని నిలబడింది. సాధన చేయని వారమే తప్పకుండా వెళ్లు. గుమ్మంలోనే నిజం చెప్పు. ఆవిడ ఓ మాట అంటారు, పడు. తర్వాత ఆ గంటా అక్కడే సాధన చేయిస్తారు.

జీతం నెల మొదట్లోనే కవరులో పెట్టి ఇవ్వు. బేరమాడకు.

టీచరు తమిళులైతే ఒక తమాషా ఉంటుంది. కృతులు ఎక్కువగా మన తెలుగువే గానీ, తమిళ లిపిలో క, గలకు ఒకే అక్షరం కాబట్టి ఉచ్చారణ అక్కడక్కడా మారుతుంది. మొదటి నెలలోనే సరిదిద్దబోకు, నాలాగా చీవాట్లు తింటావు. నీ తెలుగు వేరేచోట పనికొస్తుంది. వీణ మీద మీటు సాహిత్యంలోని అక్షరాన్ని బట్టి పడుతుంది. మాట ఎక్కడ మొదలై ఎక్కడ విరుగుతుందో తెలిసినవాళ్లకు ఎక్కడ మీటాలో, ఎక్కడ తీగను లాగి ఊరుకోవాలో తొందరగా పట్టుబడుతుంది. అందుకే కీర్తన వాయించే ముందు పాడుకో. గొంతు బాగాలేదని సాకులు చెప్పకు, ఎవరూ నిన్ను సభలో పాడమనడం లేదు.

సరస్వతీ పూజనాడు వీణను పూజలో పెట్టి ముట్టుకోరు, మర్నాడు విజయదశమికి మళ్లీ తీస్తారు. చేరడానికి ఆ రోజు కోసం ఆగుతానంటే సరే గానీ, ఈలోగా వెళ్లి పాఠం చూసి రా. డిసెంబరులో మ్యూజిక్ అకాడమీకి నన్ను తీసుకెళ్లే పూచీ నీదే.

సాధనకు ఆధార స్వరం పలికే నా శ్రుతిపెట్టె పార్శిల్లో పంపుతున్నాను. నా వీణ మాత్రం మూడు నెలల తర్వాతే. అది కూడా మీ టీచరు ఫోను చేసి పంపమంటేనే.

మీ పెద్దమ్మ