టెక్ సందేహాలు: చెక్క కెమెరా కొనేముందు దాన్ని వెనక్కి తిప్పి చూడండి

ప్రశ్న: వరంగల్ చౌరస్తా దగ్గర ఓ పాత ఫొటో స్టూడియో మూసేస్తున్నారు. అందులో బెల్లోస్ (మడతలు పడి సాగే తోలు గొట్టం) ఉన్న చెక్క కెమెరా, ఇత్తడి లెన్స్, మూడు ప్లేట్ హోల్డర్లు (గాజు ప్లేటో ఫిల్మో పెట్టి కెమెరా వెనక తొడిగే పలుచటి పెట్టెలు) ఉన్నాయి. అన్నీ కలిపి 30 వేలు చెబుతున్నారు. డిజిటల్‌లో బాగానే తీస్తాను, ఫిల్మ్ మీద తీయాలని ఎప్పట్నుంచో కోరిక. తీసుకోవచ్చా సార్?
– ఓ పాఠకుడు, హనుమకొండ

తీసుకోవచ్చు. కానీ డబ్బులిచ్చే ముందు ఓ టార్చి, ఓ స్టీలు స్కేలు, వీలైతే వెర్నియర్ (లోతును కచ్చితంగా కొలిచే పరికరం) పట్టుకుని ఇంకోసారి వెళ్లండి. చూడ్డానికి వెళ్లినవాళ్లంతా మొదట లెన్స్ మీద పేరు చదువుతారు, చెక్క మెరుపు చూస్తారు. నేనైతే కెమెరాను వెనక్కి తిప్పమంటాను. లెన్స్ పాడైతే ఇంకోటి బిగించుకోవచ్చు, బెల్లోస్ పోతే కొత్తది చేయించుకోవచ్చు. వెనక ఫ్రేములో పట్టే హోల్డర్ దొరక్కపోతే మాత్రం ఆ కెమెరాతో ఒక్క ఫొటో కూడా తీయలేరు.

మన పాత స్టూడియోల్లో ఎక్కువగా ఉండేవి బ్రిటిష్ కొలతలు. హాఫ్ ప్లేట్ అంటే 4¾×6½ అంగుళాలు, ఫుల్ ప్లేట్ అంటే 6½×8½. ఇప్పుడు సులువుగా దొరికే షీట్ ఫిల్మ్ 4×5, 8×10 అంగుళాల్లో వస్తుంది. అంటే మీరు చూసింది హాఫ్ ప్లేట్ అయితే, పెద్ద ఫిల్మ్ కొని చీకట్లో కోసుకోవాల్సిందే. అది పెద్ద కష్టమేం కాదు. అసలు చూడాల్సింది ఆ మూడు హోల్డర్లు ఈ కెమెరావేనా అన్నది. ఒక్కోటీ వెనక తొడిగి చూడండి. బిగుతుగా కూర్చోవాలి, స్లైడ్ (హోల్డర్‌కు వెలుగు తగలకుండా ఉండే మూత) పైకి లాగితే సాఫీగా రావాలి, మళ్లీ దించితే ఎక్కడా సందు ఉండకూడదు. ఒక హోల్డర్ కదిలినా ఆ సందులోంచి వెలుగు దూరుతుంది. స్టోర్ రూములో ఇంకా ఉన్నాయేమో వెతికించండి. కెమెరాతో పాటు రాని హోల్డర్ తర్వాత బయట దొరకడం చాలా కష్టం.

ఆ హోల్డర్లు గాజు ప్లేట్ల కోసం చేసినవైతే పలుచటి ఫిల్మ్ అందులో నిలబడదు. ఫిల్మ్‌ను పట్టే సన్నటి రేకు తొడుగులు ఉన్నాయా అని స్టూడియో పెద్దాయన్ని అడగండి. లేకపోతే అదే కొలతకు గాజు కోయించి, దాని మీద ఫిల్మ్ అంచులు డబుల్ టేపుతో అంటించి వాడుకోవచ్చు. స్ప్రింగు ప్లేటును ముందుకు నెట్టే హోల్డర్ అయితే ఫిల్మ్ సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంటుంది.

ఇక గ్రౌండ్ గ్లాస్, అంటే వెనక బొమ్మ పడే గరుకు గాజు. గరుకు వైపు లెన్స్‌కు ఎదురుగా ఉండాలి. ఎప్పుడో పగిలి మార్చినప్పుడు తిరగేసి బిగించిన కెమెరాలు చాలానే ఉంటాయి. వేలితో తడిమితే తెలిసిపోతుంది. ఆ తర్వాత వెర్నియర్‌తో రెండు లోతులు కొలవండి: గ్లాస్ ఫ్రేము ముందు అంచు నుంచి గరుకు ముఖం దాకా ఒకటి, హోల్డర్ ముందు అంచు నుంచి లోపలి ప్లేటు ముఖం దాకా ఇంకొకటి. రెండూ ఒక్కటే రావాలి. అర మిల్లీమీటరు తేడా ఉన్నా, లెన్స్ పూర్తిగా తెరిచి తీసిన పోర్ట్రెయిట్‌లో కళ్ల మీద పెట్టిన ఫోకస్ ముందుకో వెనక్కో పోతుంది. ‘ఈ లెన్స్ షార్ప్ కాదు’ అని జనం వదిలేసే కెమెరాల్లో చాలావాటి జబ్బు ఇదే.

బెల్లోస్‌ను పగలు చూస్తే ఏమీ తెలియదు. రాత్రి గది చీకటి చేసి, బెల్లోస్ మొత్తం చాచి, లెన్స్ మూసి, వెనక నుంచి ఫోన్ టార్చి లోపల పెట్టి బయట నుంచి చూడండి. చుక్కల్లా వెలుగు వచ్చేది ఎక్కువగా మడతల మూలల్లోనే. నాలుగైదు చుక్కలైతే పలుచటి నల్లగుడ్డ ముక్క, రబ్బరు జిగురుతో సరిపోతుంది. ఎలక్ట్రికల్ టేపు మాత్రం అంటించొద్దు. మన మే నెల ఎండకు దాని జిగురు కారి మడతలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. తోలు చేతికి పొడిలా రాలుతుంటే కొత్త బెల్లోస్ ఖర్చు ధరలోంచి తగ్గించి మాట్లాడండి.

లెన్స్‌లోకి టార్చి వేస్తే దారాల్లా అల్లుకున్నది ఫంగస్. అంచుల్లో ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే రెండు గాజుల మధ్య ఉన్న జిగురు విడిపోతోందని అర్థం. దుమ్ము, చిన్న గీతలను పట్టించుకోకండి. చెక్కకు పుచ్చు పట్టిందేమో కీళ్ల దగ్గర చూడండి. ఇత్తడిని రుద్ది మెరిపించే పని పెట్టుకోకండి, పైనున్న లక్క పూత పోతుంది.

లెన్స్ బిగించిన ముందు బోర్డు పైకి జరిగి, స్క్రూ బిగిస్తే అక్కడే నిలుస్తుందో లేదో కూడా చూడండి. ఈ కెమెరా అసలు సత్తా అక్కడుంది. కోటలో కాకతీయ తోరణం ముందు నిలబడి ఫోన్ పైకెత్తితే స్తంభాలు లోపలికి వాలినట్టు వస్తాయి. దీంట్లో కెమెరాను తిన్నగానే ఉంచి లెన్స్‌ను మాత్రమే పైకి జరిపితే తోరణం నిటారుగా, పైదాకా వస్తుంది. పురావస్తు శాఖ కింద ఉన్న కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందే అనుమతి తీసుకోవాలి, ఇదొకటి గుర్తుంచుకోండి.

హోల్డర్లు సరిపోయి, లోతులు కలిసి, లెన్స్ శుభ్రంగా ఉంటే ఆ ధరకు నేను వద్దనను. ఇంకో మాట. ఆ స్టూడియోలో పాత గాజు నెగెటివ్‌లు ఉంటే వాటినీ అడగండి. మన ఊరి పెళ్లిళ్లు, బడి పిల్లలు, ముసలివాళ్ల ముఖాలు వాటిలో ఉంటాయి. దయచేసి వాటిని చెత్తలో పోనివ్వకండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ‘వింటేజ్ వుడెన్ కెమెరా’ కొన్నాను. ఇత్తడి ధగధగలాడుతోంది, పాత సంవత్సరం కూడా చెక్కి ఉంది. వెనక బొమ్మ మాత్రం కనబడటం లేదు. రిపేరు ఎక్కడ చేస్తారు?
– కరీంనగర్ పాఠకురాలు

రిపేరు చేయడానికి అందులో కెమెరా లేదమ్మా. డ్రాయింగ్ రూములో పెట్టుకోవడానికి ఇప్పుడు తయారుచేసే అలంకరణ వస్తువు అది. వెనక గ్రౌండ్ గ్లాస్ లేకపోవడం, హోల్డర్ పెట్టే గాడి లేకపోవడం, చాచితే సాగని బెల్లోస్, ఈ మూడూ దాని గుర్తులు. వాపసు గడువు ఉంటే వెంటనే పంపించేయండి. నిజమైన మన దేశపు కెమెరా కావాలంటే కేరళలోని అలెప్పీలో ఒకప్పుడు తయారైన వాగీశ్వరి కెమెరాల కోసం వెతకండి. గట్టి పనితనం, ఎన్నో స్టూడియోలను పోషించింది.

ప్రశ్న: 8×10 కెమెరా ఉంది, ఫిల్మ్ ధర చూస్తే గుండె ఆగింది. ఎక్స్‌రే ఫిల్మ్ వాడొచ్చంటున్నారు, నిజమేనా?
– ఓ పాఠకుడు, జనగామ

నిజమే. కానీ వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి చుట్టుపక్కల మెడికల్ షాపులో అడిగేటప్పుడు జాగ్రత్త. ఇప్పుడు స్కానింగ్ సెంటర్లలో ఎక్కువగా వాడేది లేజర్ ప్రింటర్‌లో పెట్టే డ్రై ఫిల్మ్. అది కెమెరాలో పనికిరాదు. డెవలపర్‌లో కడిగే పాతరకం ఫిల్మే కావాలి, నీలం లేదా ఆకుపచ్చ వెలుగుకు స్పందించేది. ఎరుపు దానికి కనబడదు కాబట్టి ఎర్ర లైటు కింద కోసుకోవచ్చు, కడుగుతూ చూసుకోవచ్చు. నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి ఫిల్మ్ లేదు. ఎక్కువ రకాలకు రెండు వైపులా పూత ఉంటుంది. తడిసినప్పుడు గోరు తగిలినా గీత పడుతుంది, అందుకే ట్రే అడుగున గాజు పలక వేసి ఒక్కోటే కడగండి. ఎరుపు నమోదు కాకపోవడం వల్ల మన చర్మం రంగు ఫొటోలో ఉన్నదానికంటే నల్లగా వస్తుంది. ముఖాలు తీసేటప్పుడు ఒక స్టాప్ ఎక్కువ, అంటే రెట్టింపు వెలుగు ఇవ్వండి.

ఎండాకాలం ట్యాంకు నీళ్లతో డెవలపర్ కలపొద్దు. 20 డిగ్రీలకు రావాలంటే ట్రేను ఐసు నీళ్ల బేసిన్‌లో పెట్టాల్సిందే.

ప్రశ్న: నా లెన్స్‌కు షట్టర్ లేదు, తోలు మూత ఒక్కటే ఉంది. ఎలా తీయాలి?
– హుజూరాబాద్

మూతతోనే. మొదట ఫిల్మ్ బదులు ఫొటో పేపర్ పెట్టి మొదలుపెట్టండి. దాని వేగం ఐఎస్ఓ 6 దగ్గర ఉంటుంది. మంచి ఎండలో ఎఫ్/16 (లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నది) దగ్గర సెకనులో ఆరో వంతు కావాలి, ఎఫ్/45కు దించితే సెకను పైచిలుకు. మూత తీసి ‘ఒకటీ’ అని మళ్లీ పెట్టేంత సమయం అది. చెట్టు నీడలో అయితే పది సెకన్లు. పాత లెన్స్‌లో 4, 8, 16, 32, 64 అని అంకెలుంటే అవి ఇప్పటి ఎఫ్ నంబర్లు కాకపోవచ్చు. పాత యూఎస్ (యూనిఫాం సిస్టమ్) పద్ధతిలో 16 ఒక్కటే ఇప్పటి ఎఫ్/16తో సమానం, 64 అంటే ఎఫ్/32. ముందు నుంచి కనిపించే రంధ్రం వెడల్పుతో ఫోకల్ లెంగ్త్‌ను భాగిస్తే అసలు నంబరు వచ్చేస్తుంది.