స్కేలు పెట్టి చదవండి

ప్రశ్న: మేము గుంటూరులో ఉంటాము. మా అబ్బాయి హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. జనవరిలో రాసిన జేఈఈ మెయిన్‌లో 97.6 పర్సంటైల్ వచ్చింది. మేము బీసీ-డి. సొంత రాష్ట్రం కోటాలో తాడేపల్లిగూడెం నిట్‌లో కంప్యూటర్ సైన్స్ ఖాయమని, వరంగల్‌లోనూ డెబ్బై శాతం అవకాశం ఉందని ఒక కన్సల్టెంట్ అంటున్నారు. ఫీజు పన్నెండు వేలట. కట్టమంటారా?
- ఒక తల్లి

జవాబు: కట్టకండమ్మా. ఆ డెబ్బై ఏ లెక్కలో తేలిందో ఆయన్నే కాగితం మీద వేసి చూపించమనండి.

ముందు రాష్ట్రం సంగతి. నిట్‌లలో సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలవి. అయితే ఇక్కడ సొంత రాష్ట్రమంటే మీ ఇల్లున్నది కాదు, అబ్బాయి ఇంటర్ పాసయ్యేది. ఎంసెట్‌లోలాగా వరసగా ఎన్నేళ్లు ఎక్కడ చదివాడని చూడరు. మీవాడు హైదరాబాద్‌లో ఇంటర్ పరీక్ష రాస్తాడు కనుక వాడికి వరంగలే సొంతం. మీ ఇంటికి దగ్గరైన తాడేపల్లిగూడెంలో మాత్రం పొరుగు రాష్ట్రంవాడే.

ఇక పర్సంటైల్, అంటే పరీక్ష రాసినవాళ్లలో నూటికి ఎంతమంది మీవాడి వెనక ఉన్నారన్న లెక్క. వందలోంచి 97.6 తీసేస్తే 2.4. 2025లో రెండు విడతలూ కలిపి పరీక్ష రాసినవాళ్లు సుమారు 14.75 లక్షలు. అందులో 2.4 శాతమంటే 35 వేల పైచిలుకు ర్యాంకు. వరంగల్ కంప్యూటర్ సైన్స్‌లో ఓపెన్ సీట్లు, సొంత రాష్ట్రం కోటాలో కూడా, మూడు నాలుగు వేల లోపే అయిపోతాయి. ఓబీసీ, అంటే కేంద్రం లెక్కలో బీసీల సీట్లలో చూసినా ఈ ర్యాంకుకు అందదు. ఏప్రిల్‌లో మళ్లీ రాయనివ్వండి, రెండింటిలో మెరుగైనదే లెక్కకు వస్తుంది.

మిగిలిన బ్రాంచిల సంగతి మీరే చూసుకోగలరు. ఐఐటీ, నిట్ సీట్లు కేటాయించే జోసా వెబ్‌సైట్‌లో గత సంవత్సరాల ముగింపు ర్యాంకులన్నీ, అంటే ఏ సీటు ఏ ర్యాంకు దాకా వెళ్లిందో, ఉచితంగానే ఉన్నాయి. చివరి రౌండువి తీయండి. మొదటి రౌండు చూసి బెంబేలెత్తిపోయిన తల్లిదండ్రులు ఏటా నా దగ్గరికి వస్తూనే ఉంటారు.

వరస మాత్రం జాగ్రత్త. 2019లో మా తమ్ముడి కొడుకు కోసం ఆ పట్టిక ప్రింటు తీయించి, మంచం మీద పరుచుకుని, స్కేలు పెట్టి మరీ చదివాను. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని! సీటు వస్తుందని ఇంట్లో స్వీట్లు కూడా పంచాము. తీరా చూస్తే స్కేలు ఒక గీత కిందికి జారింది. నేను చదివింది ఆడపిల్లలకు కేటాయించిన సీట్ల వరస. ఇప్పటికీ మా మరదలు లడ్డూ పెడుతూ ఆ మాట ఎత్తుతుంది.

మీకు ఇంకో మెలిక కూడా ఉంది. ఓబీసీ వరసలో కనిపించేది ఓబీసీ ర్యాంకు, అందరిలో వచ్చిన ర్యాంకు కాదు. దేనికి దాన్నే పోల్చాలి. రాష్ట్రం బీసీ జాబితాలోని కులాలన్నీ కేంద్రం జాబితాలో లేవు, మీది ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఉంటే నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కేంద్రం నమూనాలో, ఏప్రిల్ 1 తర్వాత తేదీతో తీసుకోండి.

ఆప్షన్లు ఇష్టమైన వరసలోనే పెట్టండి. అందనిది పైన పెట్టినంత మాత్రాన కింది సీటు పోదు. అన్నట్టు, కంప్యూటర్ సైన్స్ కాకపోతే మీవాడికి ఏది ఇష్టం? ఉత్తరమంతా రెండుసార్లు చదివాను, ఆ ముక్క ఎక్కడా కనపడలేదు.