పట్టపగలు వచ్చిన నక్క బర్రెను కరిస్తే

ప్రశ్న: నాలుగు రోజుల కిందట మధ్యాహ్నం పూట ఒక నక్క కొట్టంలోకి వచ్చి పాడి బర్రెను మూతి మీద, దుడ్డెను వెనక కాలి మీద కరిచింది. తరమబోయిన మా బాబు అరచేతికి పంటి గాటు పడింది. పసుపు, సున్నం అద్దాం. పాలు తాగొచ్చా? పశువులకు ఏం చేయించాలి?
– ఒక రైతు, సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా

జవాబు: పాల సంగతి తర్వాత చూద్దాం. బాబును ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మనిషి అలికిడికే పారిపోయే నక్క పట్టపగలు కొట్టంలో జొరబడిందంటే రేబిస్ ఉన్నట్టే భావించాలి. పసుపు, సున్నం కడిగేసి, గాటును సబ్బుతో, ధారగా పోసే నీళ్ల కింద పావుగంట కడగండి. నాలుగు రోజులు గడిచినా కడగాల్సిందే. టీకాతో పాటు గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసేలోగా వైరస్‌ను అడ్డుకునే సూదిమందు) కూడా కావాలి. అది చిన్న ఆసుపత్రుల్లో ఉండకపోవచ్చు, ఫోన్ చేసి కనుక్కుని బయలుదేరండి. కరిచిన జంతువును పది రోజులు గమనించడమనేది కుక్క, పిల్లి కాటుకే, అప్పుడూ టీకా మాత్రం వెంటనే మొదలుపెట్టాలి. నక్క కాటుకు ఆ లెక్క లేదు.

బర్రె, దుడ్డెల గాయాలను కూడా చేతికి తొడుగు వేసుకుని సబ్బు నీళ్లతో కడిగి, అయోడిన్ రాయండి. పశువైద్యుడితో కరిచాక వేసే టీకాలు వెంటనే మొదలుపెట్టించండి. మొదటి టీకా వేసిన రోజును సున్నాగా లెక్కిస్తే, తర్వాతవి 3, 7, 14, 28 రోజులకు. మందు ఐసు పెట్టెలోనే రావాలి. వేడి తగిలితే పనిచేయదు. వైరస్ కాటు దగ్గర నుంచి నరాల వెంట మెదడుకు పాకుతుంది. మూతి నుంచి మెదడు దగ్గర కాబట్టి దుడ్డె కన్నా బర్రెకే తొందర. రెండింటినీ విడిగా కట్టి, ఆరు నెలలు గమనించండి.

చాలా ఇళ్లలో పొరపాటు జరిగేది ఇక్కడే. జబ్బు పైకి తేలిన బర్రె చొంగ కారుస్తుంది, మింగలేదు, గొంతు బొంగురుపోయి అదే పనిగా అరుస్తుంది, వెనక కాళ్లు తడబడతాయి. ఒక్కోసారి ఎదకు వచ్చినట్టూ కనిపిస్తుంది. గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని నోట్లో చెయ్యి పెడతారు, గొట్టంతో మందు తాగిస్తారు. చేతి మీద చిన్న గీత ఉన్నా చొంగలోని వైరస్‌కు అదే దారి. చొంగ కారే పశువు నోట్లో చెయ్యి పెట్టకండి. గాలికుంటులోనూ చొంగ కారుతుంది గాని, అప్పుడు నోట్లో, గిట్టల సందుల్లో పుండ్లుంటాయి. తేడా పశువైద్యుడే చూడాలి. లక్షణాలు వచ్చాక మందు లేదు. వారం పది రోజుల్లో పోతుంది. కోసి తినొద్దు, తోలు తీయొద్దు. ఆరడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చండి.

ఇక పాలు. బర్రె ఆరోగ్యంగా ఉన్నంత కాలం బాగా పొంగేలా కాచి తాగొచ్చు. కాచిన పాలు తాగినందుకు టీకా అక్కర్లేదు. చొంగ, అరుపులు మొదలైతే పితకడమే మానేయండి. అప్పటికే పచ్చి పాలు తాగినవాళ్లుంటే డాక్టరుతో చెప్పండి.

ఒక మాట మీరు అడగలేదు. నక్క వెంట పడిన ఊరి కుక్కలు ఎన్ని? వాటిలో దేన్ని కరిచినా రేపు ఆ కుక్కే ఊళ్లోకి జబ్బు తెస్తుంది. గాటు పడిన వాటిని గుర్తించి విడిగా కట్టేయించి, పశువైద్యుడికి చెప్పండి. మిగతా కుక్కలన్నిటికీ టీకాలు వేయించండి. నక్క చచ్చి కనిపిస్తే వట్టి చేత్తో ముట్టుకోక, అటవీ శాఖకు కబురు పెట్టండి.