డెస్క్‌టాప్‌ని నచ్చినట్టు మార్చుకుంటే సిస్టమ్ స్లో అవుతుందా?

కొత్త ల్యాప్‌టాప్ కొన్నాను, డెస్క్‌టాప్ నాకు నచ్చినట్టు పెట్టుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, థీమ్‌లూ విడ్జెట్‌లూ వేస్తే స్లో అవుతుందా అని అడిగారు కదా. రెండోదానికి ముందు చెప్పేస్తాను. మామూలు ఫోటో వాల్‌పేపర్ వల్ల ఏమీ కాదు. 1920 బై 1080 తెరకి ఆ బొమ్మ మెమరీలో తీసుకునేది దాదాపు 8 ఎంబీ, మీ ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉందంటే అది లెక్కలోకే రాదు. కదిలే వీడియో వాల్‌పేపర్లు వేరే సంగతి, అవి గ్రాఫిక్స్ చిప్‌కి ఏదో ఒక పని చెబుతూనే ఉంటాయి, ఛార్జర్ తీసేశాక బ్యాటరీలో ఆ తేడా తెలుస్తుంది.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలంటే, నేను మొదలుపెట్టిన చోట మాత్రం వద్దు.

2005లో మా ఇంటికి మొదటి కంప్యూటర్ వచ్చింది, షాపులో అసెంబుల్ చేయించినది, 256 ఎంబీ ర్యామ్, డబ్బా మానిటర్, వాడనప్పుడు దాని మీద అమ్మ కుట్టిన గుడ్డ. విండోస్ ఎక్స్‌పీ. ఆ పచ్చటి కొండ, నీలం ఆకాశం బొమ్మ మీకూ గుర్తుండే ఉంటుంది. మేమంతా అది కంప్యూటర్లో గీసిన బొమ్మే అనుకున్నాం. కాదు, 1996లో చార్లెస్ ఓరియర్ అనే ఫోటోగ్రాఫర్ కాలిఫోర్నియాలోని సోనోమా కౌంటీలో ఫిల్మ్ కెమెరాతో తీసిన నిజమైన ఫోటో. తెలియక నేను దాన్ని వారంలోనే తీసేసి వేంకటేశ్వర స్వామి ఫోటో పెట్టాను, అమ్మ సంతోషిస్తుందని. అమ్మ వచ్చి చూసి మొదట అన్న మాట, "ఒరేయ్, స్వామి ముఖం మీద ఆ చెత్తబుట్ట ఏంట్రా?" రీసైకిల్ బిన్ సరిగ్గా కిరీటం దగ్గర కూర్చుంది. పక్కకి లాగితే, ఐకాన్‌లని తనంతట తనే వరుసలో పేర్చే ఆటో అరేంజ్ వల్ల మళ్ళీ అక్కడికే వచ్చేది, దాన్ని ఆపొచ్చని నాకు రెండు రోజుల దాకా తెలియలేదు. ఆ రెండు రోజులూ అమ్మ కంప్యూటర్ మీద గుడ్డ తియ్యనివ్వలేదు.

అసలు దెబ్బ 2007లో. విండోస్‌లో ఎక్స్‌పీ తర్వాతి వెర్షన్ విస్టా వచ్చింది, అందరూ ఆ గాజులాంటి కిటికీల గురించే మాట్లాడుతున్నారు, మా సిస్టమ్ దాన్ని మొయ్యలేదు. ఎక్స్‌పీని విస్టాలా చూపించే ప్యాక్ ఒకటి ఫ్రెండ్ సీడీలో ఇచ్చాడు. ఎక్స్‌పీ తన సొంత కంపెనీ మైక్రోసాఫ్ట్ డిజిటల్ సంతకం ఉన్న థీమ్‌లనే ఒప్పుకునేది, బయటివి వెయ్యాలంటే యూఎక్స్‌థీమ్ అనే సిస్టమ్ ఫైల్‌నే మార్చాలి. ఆ ప్యాక్ అదే పని చేసింది. రీస్టార్ట్ చేశాక నల్ల తెర, దాని మీద మౌస్ బాణం, అంతే. షాపు అబ్బాయి వచ్చాడు, సి డ్రైవ్ ఫార్మాట్ కొట్టాడు, మూడొందలు తీసుకుని వెళ్ళిపోయాడు. నాన్న ఇన్సూరెన్స్ ఏజెంట్. ఎవరి ప్రీమియం ఎప్పుడు కట్టాలో ఉన్న ఎక్సెల్ ఫైల్ డెస్క్‌టాప్ మీదే పెట్టుకునేవారు, ఎదురుగా ఉంటుందని. డెస్క్‌టాప్ మీద కనపడేదంతా నిజానికి సి డ్రైవ్‌లోని ఒక ఫోల్డర్ అన్న సంగతి మా ఇంట్లో అందరికీ ఆ రోజే తెలిసింది. "బొమ్మ మార్చుకోవడానికి పద్దుల పుస్తకం తగలబెట్టావు కదరా" అన్నారు నాన్న, అంతకుమించి తిట్టలేదు. వారం రోజులు ఆయన డైరీ చూసి చదువుతుంటే నేను మళ్ళీ టైప్ చేశాను.

అందుకని, సిస్టమ్ ఫైళ్ళు మార్చమనే ఏ థీమ్ జోలికీ వెళ్ళకండి. వెళ్ళక తప్పదనిపిస్తే ముందు రీస్టోర్ పాయింట్ పెట్టుకోండి, అంటే తేడా వస్తే సిస్టమ్‌ని వెనక్కి తిప్పుకునే గుర్తు. పనికొచ్చే ఫైళ్ళు వేరే ఫోల్డర్లో ఉంచి, డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ మాత్రం పెట్టుకోండి.

ఇప్పుడు అసలు విషయం. ఇన్నేళ్ళకి నాకు అర్థమైంది ఏంటంటే, వాల్‌పేపర్ మనకి కనపడేది రోజుకి రెండు నిమిషాలు, పొద్దున్నే సిస్టమ్ ఆన్ చేసినప్పుడూ, బ్రౌజర్ క్రాష్ అయినప్పుడూ. మిగతా రోజంతా చూసేది అక్షరాలు, టాస్క్‌బార్, మౌస్ బాణం. కానీ అందరం ఆ రెండు నిమిషాల బొమ్మ కోసమే ఆదివారాలు పాడుచేసుకుంటాం. విండోస్ బదులు వాడే లైనక్స్‌కి మారిన కొత్తలో నేను ఒక రాత్రంతా కూర్చుని కాంకీ అనే విడ్జెట్ ప్రోగ్రామ్‌తో తెర మీద ప్రాసెసర్ వేడి, ర్యామ్, గడియారం, వాతావరణం అన్నీ అందంగా పేర్చాను. తెల్లారి పని మొదలుపెడితే వాటి మీద కిటికీలు పరుచుకున్నాయి, ఇక వాటి మొహం చూసింది లేదు. విండోస్‌లో అలాంటి పనే చేసే రెయిన్‌మీటర్‌దీ ఇదే కథ. సరదాకైతే వేసుకోండి, నేను వద్దనను.

నిజంగా రోజూ సుఖపెట్టినవి చిన్న మార్పులు. విండోస్ 11లో సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్తే టెక్స్ట్ సైజ్ అని ఉంటుంది, 100 నుంచి 225 శాతం దాకా జరపొచ్చు. నేను 115 దగ్గర ఆపాను, సాయంత్రానికి కళ్ళు లాగడం తగ్గింది. అక్కడే మౌస్ బాణం రంగు, సైజు కూడా మార్చుకోవచ్చు. నాది పసుపు, కాస్త పెద్దది, రెండు మానిటర్ల మధ్య అదెక్కడ పోయిందో వెతుక్కునే పని లేదు. మా ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వాల్‌పేపర్ మార్చనివ్వరు, కంపెనీ లోగోనే చూడాలి, కానీ ఇవి మాత్రం మార్చుకోగలిగాను. (విండోస్ 7 స్టార్టర్ అని చిన్న నెట్‌బుక్‌లలో వచ్చే ఎడిషన్ ఒకటి ఉండేది, దాన్లో సొంత మెషీన్ అయినా సరే వాల్‌పేపర్ మార్చే వీలే లేదు, దానితో పోలిస్తే మనం మహారాజులం.)

వాల్‌పేపర్ పెట్టుకోవద్దని కాదు. ఐకాన్‌లు వచ్చే ఎడమపక్క ఖాళీగా, కొంచెం ముదురుగా ఉన్న బొమ్మ చూసుకోండి, తెల్లటి ఆకాశం ఉంటే పేర్లు అందులో కలిసిపోతాయి. ఫోన్ నిలువుగా పట్టుకుని తీసిన ఫోటో అయితే తలలు తెగుతాయి, లేదా రెండు వైపులా ఖాళీ పట్టీలు వస్తాయి. అడ్డంగా తీసినదాన్నే తెర కొలతకి క్రాప్ చేసుకోండి. బొమ్మ మరీ ముచ్చటగా ఉంటే డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ కొట్టి, వ్యూలో షో డెస్క్‌టాప్ ఐకాన్స్ తీసేయండి, ఫైళ్ళు ఎక్కడికీ పోవు, కనపడవంతే.

నేను చేసినవాటిలో బాగా కుదిరింది నా డెస్క్‌టాప్ కాదు, అమ్మది. నా పాత ల్యాప్‌టాప్‌లో, 4 జీబీ ర్యామ్‌ది, లైనక్స్ మింట్ అనే లైనక్స్ రకాన్ని, అందులోనూ తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్‌ని వేసి ఇచ్చాను. అది పాత మెషీన్లలో కూడా తేలిగ్గా నడుస్తుంది. తెర మీద నాలుగే నాలుగు పెద్ద ఐకాన్‌లు, పేర్లు తెలుగులో: "అక్కకి వీడియో కాల్", "మనవరాలి ఫోటోలు", "భక్తి పాటలు", "పేపర్". అక్క డాలస్‌లో ఉంటుంది, అందుకే మొదటిది మొదటి చోట. ఫాంట్ నోటో సాన్స్ తెలుగు, సైజు 14. తెలుగుకి ఇంగ్లీషు సైజు సరిపోదండీ, 10 దగ్గర ఒత్తులు ఒకదాన్లో ఒకటి కలిసిపోయి "రాష్ట్రం" లాంటి మాట కింద నల్లటి మరకలా ఉంటుంది, పెద్దవాళ్ళు అద్దాలు తెచ్చుకున్నా చదవలేరు. ఫోల్డర్ పేరు మార్చాలంటే ఎఫ్2 నొక్కి తెలుగులో టైప్ చేయడమే, విండోస్‌లోనూ అంతే. ఈ పనికి నాకు అరగంట పట్టింది, అందులో ఇరవై నిమిషాలు ఏ ఐకాన్ ఎక్కడుండాలో అమ్మ చెప్పడమే.

వాల్‌పేపర్ మళ్ళీ వేంకటేశ్వర స్వామే. ఈసారి స్వామి కుడిపక్కన, ఐకాన్‌లన్నీ ఎడమపక్కన, డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌లో చెత్తబుట్ట టిక్ తీసేశాను. తీసేసిన ఫోటోలు ఎక్కడికి పోతున్నాయని అమ్మ ఇంతవరకూ అడగలేదు, నేనూ చెప్పలేదు.